అంకెలమ్మకు తొలి బొట్టు

లోకంలో దేవుణ్ణి నమ్మేవాళ్లుంటారు, నమ్మనివాళ్లుంటారు. నేను మూడో రకం. నేను ఒక దేవతను పుట్టించాను. పుట్టించి ఊరుకోకుండా, ఆవిడ పేరు చెప్పి ఒక వీధి వీధంతా గెడ్డలో కలిపేయబోయాను. ఉద్యోగం ఊడిపోయే ప్రమాదమన్నది ఈ కథలో చిన్న విషయం. మీరు నవ్వొచ్చు, ఇప్పుడైతే నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం నడిరేవులో నిలబడి ఏడ్చాను. వాన పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మాది పలాస. నాన్న ఒక ఆఫీసులో గుమస్తా. జీడిగింజలు కాల్చే వాసన రాకపోతే ఏదో వెలితిగా ఉండే ఇల్లు మాది. ఇంజినీరింగ్ చదివి, పరీక్ష రాసి, సంతబొమ్మాళి మండలంలో ఒక ఊరి సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుగా చేరాను. ఊరి పేరు చెప్పను. చెబితే వాళ్లు నన్ను భోజనానికి పిలిచి, కడుపునిండా పెట్టి, ఆ తర్వాత తిడతారు. ఒక పక్క కొబ్బరి, జీడి తోటలు, ఇంకో పక్క వరి, మధ్యలో ఒక గెడ్డ, అంటే వాగు, దాని మీద చిన్న వంతెన. వేసవిలో ఆ గెడ్డను చూస్తే జాలేసేది, కుచ్చిళ్లు తడవకుండా దాటొచ్చు. వానాకాలంలో దాని సంగతి వేరు. పైనుంచి కొండనీరు, కిందనుంచి భావనపాడు వైపు సముద్రపు పోటు, రెండూ ఒక్కసారి కలిస్తే ఎటూ పోలేక ఊళ్లోకి వచ్చేసేది. ముందు మునిగేది పల్లపువీధి.

అందుకే రేవు దగ్గర నీటిమట్టం కొలిచే సిమెంటు స్తంభం ఒకటి పాతారు. మనిషెత్తు ఉంటుంది. దాని మీద కిందినుంచి పైకి అంకెలు, నడిమికి ఒక ఎర్రగీత. నీళ్లు ఆ గీతను తాకితే పల్లపువీధిని ఖాళీ చేయించి, అందర్నీ మెట్ట మీదున్న తుఫాను షెల్టర్‌కి పంపాలి. ఆఫీసులో దాన్ని గేజి అనేవాళ్లం, ఊళ్లో అంకెల రాయి అనేవారు. పొద్దునా సాయంత్రం దాని ఫొటో తీసి, టెక్కలిలో ఉండే మా అసిస్టెంట్ ఇంజినీరు, అదే ఏఈ గారికి పంపడం నా పని.

"నాలుగేళ్లు చదివించింది రాయికి ఫొటో తీయడానికట్రా?" అంది మా అమ్మ.

తీరా చూస్తే ఆ ఫొటో తీయడమే గగనమైపోయింది. చేరిన కొత్తలోనే ఏఈ గారి ఫోను.

"ఏమయ్యా, నీటిమట్టం అడిగితే గేదె వీపు పంపించావేం?"

"గేజి దాని వెనకాల ఉంది సార్."

"గేదె కడిగే ముందు వెళ్లు, లేదా కడిగాక వెళ్లు. గేదెను కొలత పరికరంగా ప్రభుత్వం ఇంకా గుర్తించలేదు."

ఆ గేదె లచ్చుమయ్యది. పల్లపువీధి పెద్దమనిషి, మాటకు మాట అప్పు పెట్టుకోని మనిషి. రేవులో గేదెను కడిగి, ఆరేదాకా అంకెల రాయికి కట్టేసి, పక్కన కూర్చుని చుట్ట కాల్చేవాడు.

"మావా, అది ప్రభుత్వం రాయి. గేదెను కట్టకూడదు" అన్నాను వినయంగా.

"అయితే గేదిని కట్టడానికి ప్రభుత్వం ఏరే రాయి ఇచ్చిందేటి?"

"అది ఒళ్లు రుద్దుకుంటే అంకెలు చెరిగిపోతున్నాయి మావా."

"ఈపు దురదెడతాది, రుద్దుకుంటాది. నీ ఈపు దురదెడితే నువ్వేటి సేత్తావు బాబూ?"

గేదె వెళ్లిపోయాక బట్టలుతికేవాళ్లు వచ్చేవారు. వాళ్లు ఆ రాయికేసి దుప్పట్లు బాదేవారు. సాయంత్రమైతే సీసాలతో మరికొందరు వచ్చి, చివర్లో ఖాళీ సీసాను గురిచూసి ఆ రాయికే కొట్టేవారు. నేను రంగు వేయించడం, ఊరు చెరపడం. ఎర్రగీత ఎన్నిసార్లు వేయించినా నాలుగు రోజులకు లేతబడి, మా ఆఫీసు టీలాగా రంగు తప్ప ఇంకేమీ లేకుండా అయిపోయేది.

ఒక ఆదివారం పలాస వెళ్లాను. మా వీధి చివర ఒక గోడ ఉంది. ఒకప్పుడు ఆ గోడ పక్కనుంచి ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్లం. ఎవరో పుణ్యాత్ముడు దాని మీద వరసగా దేవుళ్ల బొమ్మల పలకలు అతికించాడు. ఆ రోజు నుంచి అటు తిరిగి నిలబడ్డ మగాడు లేడు. ఆ గోడ ముందు నేనూ ఆగాను. బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపాన్ని అప్పుడే ఊది ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మా అమ్మ నేను ఊరు బయల్దేరినప్పుడల్లా సంచిలో ఒక కుంకుమ పొట్లం వేస్తుంది. సోమవారం తెల్లారగట్ల, రేవులో ఎవరూ లేకుండా చూసి, ఆ పొట్లం విప్పాను. రాయి నెత్తిన, చివరి అంకెకు పైన, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను. దారిలో కోసుకొచ్చిన ఎర్రమందారం పైన ఉంచాను. అబద్ధం చెప్పలేదు, గమనించండి. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. బొట్టు వరకే నాది, మిగతాది ఊరికి వదిలేశాను.

సాయంత్రం వెళ్లేసరికి గేదె కొబ్బరిచెట్టుకు కట్టేసి ఉంది. లచ్చుమయ్య చుట్ట ఆర్పేసి నిలబడి ఉన్నాడు.

"బాబూ, అంకెల రాయి మీద అమ్మోరు ఎలిసింది, సూసేవా?"

"అలాగా మావా?" అన్నాను, ముఖం అమాయకంగా పెట్టి.

"మొన్న నా గేది పాలెందుకు ఎగ్గొట్టిందో ఇప్పుడు తెలిసింది. అమ్మోరికి ఈపు రుద్దితే ఊరుకుంటాదేటి?"

పొంగిపోయాను. బట్టలు బాదడం ఆగింది, సీసాలు ఆగాయి. వారం తిరిగేసరికి రేవు అద్దంలా అయింది. నా ఫొటోల్లో అంకెలు పెళ్లికూతురి గాజుల్లా వరసగా కనిపించాయి. ఏఈ గారు మెచ్చుకున్నారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు కదా. నేను కోతిని చేయబోయాను, అది వినాయకుడై కూర్చుంది. కోతినైతే కట్టేసుకోవచ్చు, వినాయకుణ్ణి ఏం చేస్తాం?

పల్లపువీధిలో రేవుకు ఆనుకున్న మొదటి ఇల్లు చిట్టెమ్మది. మొగుడు అప్పన్న తాపీమేస్త్రి. చిట్టెమ్మ యాభై దాటిన మనిషి, ఎవరితోనైనా నవ్వకుండానే హాస్యమాడుతుంది. ఆవిడ ఒక రోజు రాయికి పసుపు రాసింది. ఇంకో రోజు వేపమండ కట్టింది. మంగళవారం చీర చుట్టింది. నడుం దగ్గర ఎర్రతాడు బిగించింది. ఎవరన్నారో తెలియదు గాని అంకెలమ్మ తల్లి అని పేరు కూడా స్థిరపడిపోయింది. శ్రావణమాసం దాటేసరికి నా గేజి మీద ఒక్క అంకె కనిపిస్తే ఒట్టు.

"అత్తా, కాస్త ఆ చీర పక్కకు జరిపి, పసుపు తుడిస్తే రీడింగ్ చూసుకుంటాను" అన్నాను.

"సెప్పులు ఇప్పినావా?"

"విప్పాను."

"తానం సేసినావా?"

"చేశాను అత్తా."

"అయితే ఆ గట్టు మీద నిలబడి దండమెట్టుకో. ఆడకూతురి సీర మగోడు లాగుతాడేటి?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుణ్ణి తయారు చేసుకున్నది నేనే, అయినా పూజారి వరమివ్వలేదు. నా ముఖం చూసి జాలిపడి ఒక కొబ్బరిబొండం కొట్టిచ్చింది. "మా బోరు నీళ్లు నీకొద్దులే బాబూ, బొండం తాగు" అంది. ఆ నీళ్లతోనే కిడ్నీలు పోతున్నాయని ఆ ప్రాంతంలో అందరి భయం, అయినా ఆ మాట ఎంత మామూలుగా అంటారో.

ఇక కొలతలన్నీ చిట్టెమ్మ నోటి నుంచే. "పాదాలు తడిసినాయి" అంటే నేనొక అంకె ఊహించి పంపేవాణ్ణి. "పిక్కల్దాకా ఒచ్చింది" అంటే ఇంకో అంకె. ఫొటో మాత్రం దూరం నుంచి, వీలైతే మబ్బు పట్టినప్పుడు తీసేవాణ్ణి. అయినా ఏఈ గారి కళ్లు ఏఈ గారి కళ్లే.

"ఏంటయ్యా ఆ పసుపు?"

"ఎల్లో ప్రైమర్ సార్. రంగు నిలబడాలని."

"దానికి గుడ్డ చుట్టారేం?"

"ఎండకు పగలకుండా సార్."

"బాగుంది. మిగతా ఊళ్లవాళ్లకు కూడా చెబుతాను."

అప్పుడు భయపడాల్సింది. బదులుగా, జిల్లా అంతటా చీరలు కట్టుకున్న గేజిలను తలుచుకుని గదిలో కూర్చుని పడీపడీ నవ్వాను. కుర్రతనం అలాంటిది. అన్నం తింటున్నా గడ్డి తింటున్నా తెలియదు.

వాన పట్టింది. అల్పపీడనమన్నారు, వాయుగుండమన్నారు, ఏ పేరైతేనేం, ముందు రోజు సాయంత్రం మొదలైన వాన మర్నాడు మధ్యాహ్నానికి కూడా తెరిపివ్వలేదు. మొగలిపొదలు నేలకు వాలిపోయాయి. గెడ్డ ఎర్రగా, చెట్ల కొమ్మల్ని మోసుకుంటూ వస్తోంది. నేను రేవు గట్టు మీద గొడుగుతో కుస్తీ పడుతుండగా ఫోను.

"లెవెల్ ఎంత?" అన్నారు ఏఈ గారు.

"మోకాలు దాటింది సార్."

"ఎవరి మోకాలు? నీళ్లలో దిగావా?"

"నాది కాదు సార్. అమ్మవారిది."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"నీళ్లు ఎర్రగీతను తాకాయా లేదా? అది చెప్పు చాలు."

"గీత చీర లోపల ఉంది సార్."

"బాబూ" అన్నారాయన చాలా మెల్లగా. "నువ్వు ఏ శాఖలో పనిచేస్తున్నావు? మాతోనా, దేవాదాయ శాఖలోనా?"

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కొండల్లో వాన ఆగలేదని, పైనుంచి ఇంకా నీరు వస్తోందని, గీత సంగతి వదిలేసి వెంటనే పల్లపువీధి ఖాళీ చేయించమని చెప్పి పెట్టేశారు. పరిగెత్తాను.

లచ్చుమయ్య అరుగు మీద కాళ్లు చాపుకుని, ఉడకబెట్టిన పెండలం తింటున్నాడు.

"మావా, లేవండి. అందరూ షెల్టర్‌కి వెళ్లాలి."

"ఎందుకెల్లాల?"

"గెడ్డ వస్తోంది మావా."

"రానీ. అమ్మోరు నేని రోజుల్లో ఎల్లేవోళ్లం. ఇప్పుడు రేవులో అమ్మోరు కూకున్నాది గదా, గెడ్డ ఊళ్లోకి ఎలగొత్తాది? నువ్వూ కూకో, పెండలం తిను."

పక్కింటికి పరిగెత్తాను. ప్రతి ఇంటి దగ్గరా ఇదే మాట. నిరుడు వరకూ మైకు వినబడగానే మూట కట్టుకుని మెట్ట ఎక్కిన మనుషులు వీళ్లే. ఇప్పుడు పొయ్యిల మీద కూర ఉడుకుతోంది, చంటిపిల్లలు ఉయ్యాళ్లలో ఉన్నారు, మంచం దిగలేని ముసలాళ్లున్నారు. నేను సరదాగా పెట్టిన బొట్టు వీళ్ల కాళ్లకు బంధం వేసింది. ఎవరికైనా ఏదైనా అయితే అది గెడ్డ చేసింది కాదు, నేను చేసింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాను. వీధి మధ్య నిలబడి గట్టిగా చెప్పాను.

"వినండి. అది అమ్మవారు కాదు. ఒట్టి సిమెంటు రాయి. బొట్టు పెట్టింది నేనే. గేదెను కట్టకుండా ఉంటారని పెట్టాను. ఆ కుంకుమ మా అమ్మ సంచిలో వేసింది."

రాళ్లు పడతాయనుకున్నాను. లచ్చుమయ్య లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పిచ్చోడా. నువ్వెట్టేవా? అమ్మోరు నీ సేత ఎట్టించుకుంది. ఊళ్లో ఇంతమందిమి ఉండగా, ఎక్కడో పలాస కుర్రోడి సేత ఎందుకు ఎట్టించుకున్నాది? ఎంత పున్నెం సేసుకున్నావో."

పక్కింటావిడ వచ్చి నాకు దండం పెట్టింది. నిజం చెబితే తిడతారు, కొడతారు అని చిన్నప్పటి నుంచి విన్నాను. దండం పెడితే ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

రేవుకు తిరిగొచ్చాను. అక్కడే, ముందే చెప్పాను కదా, ఏడ్చాను. చిట్టెమ్మ నెత్తిన యూరియా సంచి కప్పుకుని గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూస్తోంది.

"అత్తా, ఎవరూ కదలటం లేదు. నా వల్లే ఇదంతా. ఏదో ఒకటి చెయ్యి అత్తా."

ఆవిడ నా వైపు చూడలేదు. రాయి నడుముకు కట్టిన ఎర్రతాడు కేసి చూసింది. నీళ్లు దాన్ని తాకి వెనక్కి పోతున్నాయి, మళ్లీ తాకుతున్నాయి.

"ఏడిసింది సాలు. ఆ గొడుగు ఇలగ తే" అంది.

ఇంట్లోకి వెళ్లి పసుపు రాసిన కుండ తెచ్చింది. వేపమండలు గుచ్చి, గెడ్డ నీళ్లు ముంచి, నెత్తికెత్తుకుంది. వానకు డప్పు మూగబోతుందని అప్పన్న సిమెంటు మోసే ఇనుప తట్ట బోర్లించి కర్రతో వాయించడం మొదలుపెట్టాడు. చిట్టెమ్మ వీధి మొగలో నిలబడి ఒక్క మాట అంది.

"అంకెలమ్మ తల్లి మెట్టకి ఎల్తన్నాది. ఘటం లేసినాక ఇంట్లో ఉండిపోయినోళ్లెవులో సూత్తాను."

మా వైపు అమ్మవారి ఘటం వీధిలోకి వచ్చిందంటే ఇంట్లో కూర్చునే మనిషి ఉండడు. ప్రతి గుమ్మం ముందూ ఘటం ఎత్తినవాళ్ల కాళ్లకు నీళ్లు పోసి, వెనకాల నడవాలి. ఆ రోజు కాళ్లకు నీళ్లు పోసే పని గెడ్డే చూసుకుంటోంది. పొయ్యిలు ఆరిపోయాయి. లచ్చుమయ్య సగం తిన్న పెండలం వదిలేసి గేదెను విప్పాడు. ఉయ్యాళ్లలోంచి పిల్లలు చంకల్లోకి వచ్చారు. మంచం దిగలేని ముసలమ్మను మంచంతోనే ఎత్తారు. కోళ్లగంపలు, కుక్కర్లు, పాలిథీన్ కవరు చుట్టిన టీవీ, అన్నీ ఊరేగింపులో నడిచాయి. అందరికంటే ముందు చిట్టెమ్మ, ఆవిడ నెత్తిన ఘటం, ఆ ఘటానికి గొడుగు పట్టి నేను. ఇంజినీరింగ్ కాలేజీలో నా డిగ్రీ పట్టా అందుకున్నప్పుడు కూడా అంత గౌరవంగా నడవలేదు.

మెట్ట సగం ఎక్కాక మళ్లీ ఏఈ గారు.

"ఏంటయ్యా ఆ మోత?"

"తరలింపు సార్."

"తరలింపులో తట్టలు వాయిస్తారా?"

"ఇక్కడి పద్ధతి సార్."

"ఎంతమంది కదిలారు?"

"అందరూ సార్. గేదెతో సహా."

"అందరూనా?" ఆయన గొంతు మారింది. "మిగతా ఊళ్లలో బతిమాలుతున్నా కదలటం లేదయ్యా. నువ్వేం చేశావు?"

"నేనేం చేయలేదు సార్" అన్నాను. ఇన్నాళ్లలో నేనాయనకు చెప్పిన అన్నిటికంటే పెద్ద నిజం అదే.

పొద్దు వాలకముందే గెడ్డ పల్లపువీధిలోకి వచ్చింది. కిటికీల దాకా నిలబడింది. చిట్టెమ్మ ఇంటి పెరటిగోడ, లచ్చుమయ్య పశువుల పాక కూలిపోయాయి. మనుషులు మాత్రం అందరూ షెల్టర్‌లో, వేడివేడి కిచిడీ ముందు, నీళ్లగా ఉందని వంటవాణ్ణి తిడుతూ క్షేమంగా ఉన్నారు. ఆ తిట్లంత కమ్మని మాటలు నేను మళ్లీ వినలేదు.

కిచిడీ పళ్లెం పట్టుకెళ్లి, ఘటం పక్కన కూర్చున్న చిట్టెమ్మకు ఇచ్చాను.

"అత్తా, నువ్వైనా నన్ను నమ్ము. నిజంగా అది ఒట్టి సిమెంటే."

"నాకు తెల్దేటి బాబూ? ఆ రాయి పోసింది మా ఆయన. ఆ సిమెంటు మోసింది నాను."

ఆవిడ పక్కన చతికిలబడ్డాను. "మరి ఆ పసుపు, ఆ చీర..."

"నువ్వు బొట్టెట్టిన కాడ్నుంచి రేవులో తాగుబోతోళ్లు నేరు, గాజుపెంకులు నేవు. ఆడోళ్లం బయం నేకుండా తానాలు సేసుకుంతన్నాం. అంత మంచి బొట్టుని నాను సెరుపుకుంటానేటి?"

"మరి ఎర్రగీత కనబడకుండా చేశావు కదా."

"గీత మీదే గదా ఎర్రతాడు కట్టినాను. అది తడిసినాకే ఘటం ఎత్తినాను. గీతెక్కడున్నాదని నువ్వు నన్ను ఒక్కపాలైనా అడిగినావా?" అని కిచిడీ కలుపుకుంటూ, "ఇందులో ఉప్పు నేదు, ఎల్లి తే" అంది.

వెళ్లి తెచ్చాను. ఇంకేం చేస్తాను?

వరద తీశాక ఏఈ గారు తనిఖీకి వచ్చారు. సస్పెన్షన్ కాగితం జేబులోనే ఉందని నా నమ్మకం. ఆయన జీపు దిగి, రేవులోకి నడిచి, అంకెలమ్మను ఎగాదిగా చూశారు. అప్పుడు చిట్టెమ్మ, "బాబూ, బూట్లు" అంది. ఆయన మారుమాట లేకుండా విప్పేశారు. జీపెక్కుతూ నాతో అన్నది ఒకటే మాట. "కొత్త అంకెలు వంతెన స్తంభం మీద వేయించు. ఎల్లో ప్రైమర్ వాడకు."

ఇప్పుడు నేను టెక్కలిలో ఉన్నాను. ఆ వంతెనకు తెల్లటి పెట్టె ఒకటి బిగించారు, నీటిమట్టం దానంతటదే నా ఫోనులోకి వస్తుంది. చాలా కచ్చితమైన అంకె. వాన పట్టిన రోజు ఆ అంకె చూసుకుంటాను. చూశాక కూడా మనసు ఊరుకోదు, చిట్టెమ్మకు ఫోను చేస్తాను.

"అత్తా, అమ్మ ఎందాకా తడిసింది?"

"పాదాలే బాబూ. అన్నం తిన్నావా?"

ఆ పెట్టె ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను అన్నం తిన్నావా అని అడగలేదు. ఆ రేవు, ఆ బొండం నీళ్లు, గేదె వెనక దాక్కున్న నా గేజి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి బెంగ పుడుతుంది.

మొన్న వేరే ఊళ్లో కొత్తగా చేరిన అసిస్టెంటు ఒకమ్మాయి ఫోను చేసింది. "సార్, మా గేజి మీద జనం వలలు ఆరేస్తున్నారు. మీకు అనుభవం ఉందట, ఏం చేయమంటారు?" బొట్టు మాట నాలుక చివరి దాకా వచ్చింది. సంచిలో మా అమ్మ వేసిన పొట్లం కూడా ఉంది. గుండె రాయి చేసుకుని, "కంచె వేయించమ్మా" అన్నాను.

కాబట్టి పెద్దలారా, ఇందుమూలంగా తెలియజేసుకునేదేమంటే, ఇకమీదట ప్రభుత్వానికి చెందిన ఏ రాయికీ, స్తంభానికీ, గొట్టానికీ, మీటరుకూ బొట్టు పెట్టను, పువ్వు పెట్టను, ఎవరైనా పెడుతుంటే పళ్లెం కూడా పట్టుకోను. నా మాట మీద మీకు నమ్మకం ఉండకపోవచ్చు, అందుకని అంకెలమ్మ తల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆవిడ మీద ఒట్టు తప్పినవాళ్లెవరూ బాగుపడలేదు.